ఫ్యాన్ ఆపితేనే పాట

*పల్నాటి వీరుల కథను టేపుకెక్కించడానికి ఒకప్పుడు అమెరికా నుంచి మనిషి రావాల్సి వచ్చింది. ఇప్పుడు డాబా మీద ఒక గది, ఒక ల్యాప్‌టాప్, నాలుగు దూది పరుపులు ఉంటే మన పాటను మనమే పట్టుకోవచ్చు. ఇంట్లోనే రికార్డింగ్ స్టూడియో పెట్టుకుంటున్న పల్నాటి కుర్రాళ్ల కోసం ఈ కథనం.*

మే నెల. రాత్రి పదకొండు దాటినా గోడలు ఇంకా సెగలు కక్కుతూనే ఉన్నాయి. గురజాల దగ్గర ఒక ఊళ్లో, డాబా మీది గదిలో తలుపులు బిగించి, ఫ్యాన్ ఆపి, తాతా మనవడూ చెమటలో తడుస్తున్నారు. మంచాల మీద ఉండాల్సిన దూది పరుపులు గోడలకు ఆనించి ఉన్నాయి. కింద నాపరాళ్ల మీద పాత జంపఖానా పరిచారు. స్టాండుకు బిగించిన మైకు ముందు తాత పీట మీద కూర్చున్నాడు. బాలచంద్రుడు తల్లి ఐతమ్మ దగ్గర సెలవు తీసుకునే ఘట్టం నడుస్తోంది.

"తాతా, ఇంకొక్కసారి. బాలుడి పేరు దగ్గర మైకు ఢబ్‌మంటంది. మొహం కాస్త పక్కకు పెట్టు."

"ముందు ఆ ఫ్యానన్నా వెయ్యరా. ఊపిరాడట్లా."

"రెండు నిమిషాలు ఓర్చుకో తాతా. ఈ ఒక్క ముక్క అయిపోతే వేస్తా."

మెట్ల మీద నుంచి అమ్మ కేక: "ఫ్రిజ్ కూడా ఆపమంటావా?" కుర్రాడు ల్యాప్‌టాప్ తెర వైపు చూశాడు. ఎవరూ పాడకపోయినా పచ్చగీత సన్నగా వణుకుతోంది. "ఆపమ్మా" అన్నాడు. కింద ఫ్రిజ్ మోత ఆగింది. గీత నిలకడపడింది. తాత గొంతు సవరించుకున్నాడు.

వాతావరణ వార్తల్లో రెంటచింతల పేరు వినని తెలుగువాడు ఉండడు. అలాంటి చోట ఎండాకాలం ఫ్యాన్ ఆపి కూర్చోవడం చిన్న సంగతి కాదు. అయినా నరసరావుపేటలో, మాచర్లలో, పిడుగురాళ్లలో, వినుకొండలో ఇలాంటి గదులు పుట్టుకొస్తున్నాయి. పల్లెపాట యూట్యూబులో కోట్లమందికి చేరడం కళ్లారా చూశాక 'మన ఊళ్లో మాత్రం ఎందుకు కుదరదు' అన్న ప్రశ్న ప్రతి కుర్రాడికీ వస్తోంది. నాలుగు మాటలు టైపు చేస్తే నిమిషంలో పాట కట్టిచ్చే కృత్రిమ మేధ యాప్‌లు వచ్చాక, మనిషి గొంతును పదిలం చేసుకోవాలన్న తొందరా మొదలైంది.

పాట బండెక్కిన కాలం

మొన్నమొన్నటిదాకా పల్నాటి పాట రికార్డు కావాలంటే ఊరు దాటక తప్పేది కాదు. గ్రామఫోన్ రికార్డులకూ సినిమా పాటలకూ మద్రాసు. 1948 డిసెంబరు 1న ఆకాశవాణి విజయవాడ కేంద్రం మొదలయ్యాక జానపదులకు ఒక తలుపు తెరుచుకుంది కానీ, అక్కడికీ బండెక్కే వెళ్లాలి. గుంటూరు దగ్గరి పొన్నెకల్లులో పుట్టిన షేక్ నాజర్ 'పల్నాటి యుద్ధం' బుర్రకథను ఊరూరా మోగించి, 1986లో పద్మశ్రీ అందుకున్నారు. ఆయన స్థాయికి చేరినవాళ్లకు స్టూడియోలు స్వాగతం పలికాయి. చేరనివాళ్ల గొంతులు తిరునాళ్లలోనే పుట్టి తిరునాళ్లలోనే కలిసిపోయాయి.

వీరగాథ సంగతి ఇంకా ప్రత్యేకం. ఏటా కార్తీక అమావాస్యకు కారంపూడిలో వీరుల తిరునాళ్ల మొదలవుతుంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అంటూ అయిదు రోజులు 12వ శతాబ్దపు యుద్ధం మళ్లీ కళ్లముందు నడుస్తుంది. ఆ కథను తరతరాలుగా నోటితో మోసినవాళ్లు వీరవిద్యావంతులు. అక్కిరాజు ఉమాకాంతం 1911లో శ్రీనాథుడి పేరిట ఉన్న 'పల్నాటి వీరచరిత్ర'ను అచ్చు వేయించారు. సినిమావాళ్లు 1947లో ఒకసారి, 1966లో ఇంకోసారి 'పల్నాటి యుద్ధం' తీశారు. కానీ వీరవిద్యావంతుడు పాడే కథను పాడినట్టుగా, మొత్తంగా టేపుకెక్కించి పుస్తకంగా తెచ్చింది మనవాళ్లు కాదు. జీన్ రోగైర్ అనే అమెరికన్ పరిశోధకుడు. డెబ్బయ్యో దశకంలో ఆయన పల్నాడు వచ్చి, ఆలిశెట్టి గాలెయ్య పాడిన కథను రికార్డు చేసుకుని, ఇంగ్లీషులోకి అనువదించారు. 1982లో ఆక్స్‌ఫర్డ్ ఆ పుస్తకాన్ని ప్రచురించింది.

ఆ పుస్తకం తలచుకున్నప్పుడల్లా గర్వంతోపాటు గుండెలో ఏదో కలుక్కుమంటుంది. గాలెయ్య లాంటి గాయకులు ఇంకెందరో ఉండి ఉంటారు కదా. వాళ్ల ముందు టేపు రికార్డరు పెట్టినవాళ్లు ఎవరు? ఇవాళ ఆ పని చేయగల యంత్రం మన ఇళ్లలోనే ఉంది. అందుకే ఇంటి స్టూడియోను కుర్రాళ్ల సరదా అని కొట్టిపారేయడం నాకు ఇష్టం లేదు.

▌బాక్స్: స్టూడియో ఇంట్లోకి ఎలా వచ్చిందంటే

1983: కీబోర్డులూ కంప్యూటర్లూ ఒకదానితో ఒకటి మాట్లాడుకునే మిడి పద్ధతి వచ్చింది.

1989: జర్మనీ సంస్థ స్టైన్‌బర్గ్ క్యూబేస్ తెచ్చింది. ఆ ఏడాదే ఎ.ఆర్.రెహమాన్ మద్రాసు కోడంబాక్కంలో ఇంటి పెరట్లో పంచతన్ రికార్డ్ ఇన్ కట్టుకున్నారు. 1992లో 'రోజా'తో దేశమంతా ఆయన పేరు విన్నది.

1991: ప్రొ టూల్స్ వచ్చింది. టేపు కత్తిరించే బ్లేడు స్థానంలోకి మౌస్ దిగింది.

2000: ఉచిత సాఫ్ట్‌వేర్ ఆడాసిటీ విడుదల.

2006: రీపర్ తొలి పూర్తి వెర్షన్. తయారు చేసింది జస్టిన్ ఫ్రాంకెల్. మన నెట్ సెంటర్ల రోజుల్లో అందరూ పాటలు విన్న విన్‌యాంప్ కూడా ఆయనదే.

2020: లాస్ ఏంజెలెస్‌లో తమ ఇంటి పడకగదిలో అన్న ఫినియస్‌తో కలిసి పాటలు చేసుకున్న బిల్లీ ఐలిష్‌కు గ్రామీల్లో నాలుగు ప్రధాన బహుమతులూ వచ్చాయి.

ముందు గది, తర్వాతే కంప్యూటర్

కొత్తగా స్టూడియో పెట్టాలనుకునేవాళ్లు మొదట అడిగేది ఏ ల్యాప్‌టాప్ కొనాలని. నాలుగైదేళ్ల పాత ల్యాప్‌టాప్ అయినా, ఎనిమిది జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ఉంటే గొంతూ నాలుగు వాయిద్యాలూ రికార్డు చేయడానికి ఇబ్బంది ఉండదు. అసలు ఇబ్బంది గది దగ్గర వస్తుంది.

మన కొత్త ఇళ్లు శబ్దానికి బద్ధశత్రువులు. పైన సిమెంటు స్లాబు, నాలుగు వైపులా నున్నగా పూత పూసిన గోడలు, కింద టైల్సు గానీ మాచర్ల నాపరాళ్లు గానీ. అన్నీ గట్టి పలకలే. గది మధ్యలో నిలబడి ఒక్కసారి చప్పట్లు కొట్టండి. వెనకాల 'టింగ్'మని సన్నటి తోక వినిపిస్తే మైకుకు అదే తోక ఇంకా గట్టిగా వినిపిస్తుందని లెక్క. ఒకసారి గొంతుతో కలిసిపోయిన గది మోతను సాఫ్ట్‌వేర్‌తో శుభ్రంగా విడదీయడం కష్టం.

దీనికి ఆన్‌లైన్‌లో అమ్మే పల్చటి నల్ల ఫోమ్ ముక్కలు కొని గోడలకు అతికిస్తుంటారు. డబ్బు దండగ. అంగుళం మందం ఫోమ్ సకారాల చురుకును తగ్గిస్తుంది తప్ప, మగగొంతు అడుగున ఉండే మంద్రపు మోతను ముట్టుకోదు. కోడిగుడ్ల అట్టలు అంతకంటే పనికిరావు. శబ్దాన్ని పీల్చేది మందం. నాలుగంగుళాల మందం ఉన్న మెత్తటి సరుకును గోడకు నాలుగంగుళాల ఎడంగా నిలబెడితే అదే సరుకు ఇంకా లోతైన స్వరాల దాకా పనిచేస్తుంది. ఆ సరుకు కోసం పల్నాడువాళ్లు ఎక్కడికీ వెళ్లక్కర్లేదు. చేలో పండేదే పత్తి. ఊళ్లో ఏకించి కుట్టించిన దూది పరుపులు నాలుగు చాలు: పాడేవాడి వెనక ఒకటి, రెండు పక్కలా రెండు, తల పైన తాళ్లతో వేలాడదీసి ఒకటి. కింద జంపఖానా. మూలల్లో బొంతలు కుక్కిన గోనెసంచులు. పైకప్పు ఎత్తుగా ఉండి, మట్టిగోడలున్న పాత పెంకుటిల్లు అందుబాటులో ఉంటే అదృష్టం. ఆ గోడల మందం, ఎగుడుదిగుడు రెండూ పాటకు మేలు చేస్తాయి. బయటి చప్పుడు పెంకుల సందుల్లోంచి వస్తుంది కాబట్టి అర్ధరాత్రి పెట్టుకోవాలి, అంతే.

ఒక హెచ్చరిక. మిరపకాయల టిక్కీలు (బస్తాలు) నిల్వచేసిన గది శబ్దానికి బాగుంటుందని అక్కడ మైకు పెట్టొద్దు. శబ్దం అద్భుతంగా వస్తుంది. గాయకుడు రెండో చరణానికే దగ్గుతాడు.

గది నాలుగు వైపులా సమానంగా ఉంటే కొన్ని మంద్రస్వరాలు ఒకేచోట పోగుపడి బుంగలో మాట్లాడినట్టు మోగుతాయి. పొడవూ వెడల్పూ వేరువేరుగా ఉన్న గదిని ఎంచుకోవాలి. పాడేవాణ్ని సరిగ్గా మధ్యలో కూర్చోబెట్టకుండా, పొడవులో మూడో వంతు దగ్గర కూర్చోబెట్టాలి.

ఇక బయటి చప్పుళ్లు. పగలు లారీలు, బోరు మోటార్లు, గేదెలు, గుడి మైకు, చర్చి మైకు, మసీదు మైకు. పల్నాటి ఇంటి స్టూడియోకు రాత్రి పదకొండు నుంచి తెల్లవారుజామున నాలుగు దాకానే నికరమైన కాలం. కూలర్, ఏసీ ముందే వేసి గది చల్లబరిచి, పాడే ముందు ఆపడమే మార్గం. రెండు మూడు నిమిషాల ముక్కలుగా పాడించి, మధ్యలో ఫ్యాన్ వేసి, మంచినీళ్లిచ్చి మళ్లీ మొదలుపెట్టాలి. పెద్దవయసువాళ్లతో పనిచేసేటప్పుడు ఈ విరామాలను పొదుపు చేయకూడదు. ఎండాకాలంలోనే చేయాలన్న పట్టుదలా వద్దు. కార్తీకం నుంచి మాఘం దాకా రాత్రులు చల్లగా ఉంటాయి.

మైకు ముందు జానెడు దూరం

స్టూడియో అనగానే కండెన్సర్ మైకే అనుకుంటారు. అది చీమ చిటుక్కుమన్నా పట్టేస్తుంది. ఎదురింటి కుక్కనూ పడుతుంది, మీ ఫ్రిజ్‌నూ పడుతుంది. గది పూర్తిగా సిద్ధమయ్యేదాకా డైనమిక్ మైకే మంచిది. 1966 నుంచి ప్రపంచమంతా కచేరీల్లో వాడుతున్న షూర్ ఎస్‌ఎం58 అలాంటిదే. దానికి దగ్గర శబ్దం బాగా, దూరపు శబ్దం తక్కువగా అందుతుంది. కిందపడినా ఒక పట్టాన పాడవదు.

మైకుకూ నోటికీ మధ్య జానెడు దూరం ఉండాలి. దూరం రెట్టింపు చేస్తే గొంతు ఆరు డెసిబెల్స్ పడిపోతుంది, గది మోత మాత్రం అంతే ఉంటుంది. మరీ దగ్గరికి వస్తే ప, బ, భ అక్షరాల దగ్గర గాలి తన్నుకుని ఢబ్‌మంటుంది. పల్నాడు, బ్రహ్మనాయుడు, బాలచంద్రుడు... మన కథలో ముఖ్యమైన పేర్లు కొన్ని ఆ అక్షరాలతోనే మొదలవుతాయి! మైకును నోటికి సూటిగా కాకుండా బుగ్గ వైపు నుంచి ఏటవాలుగా పెట్టి, ముందు ఒక పాప్ ఫిల్టర్ బిగిస్తే ఆ బాధ తీరుతుంది. ఎంబ్రాయిడరీ చట్రానికి పల్చటి నైలాన్ గుడ్డ బిగించినా అదే పని చేస్తుంది.

మైకుకూ కంప్యూటర్‌కూ మధ్య ఉండే చిన్న పెట్టె ఆడియో ఇంటర్‌ఫేస్. మైకు నుంచి వచ్చే సన్నటి కరెంటును పెంచి, అంకెలుగా మార్చి యూఎస్‌బీ తీగలోంచి పంపుతుంది. కండెన్సర్ మైకుకు కావలసిన 48 వోల్టులూ అదే ఇస్తుంది. ఒకటి కాదు, రెండు మైకులు పెట్టుకునే వీలున్న పెట్టెనే తీసుకోండి. ఎందుకో తర్వాత చెబుతాను. సాఫ్ట్‌వేర్‌లో 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ అని ఎంచుకుని, గాయకుడు గొంతెత్తి పాడినప్పుడు కూడా మీటరు మైనస్ పన్నెండు డెసిబెల్స్ దగ్గరే ఆగేట్టు చూసుకోవాలి. ఎర్రదీపం వెలిగిందంటే ఆ ముక్క పాడైనట్టే. అసలే జోరు మీదున్న వీరగాథ గాయకుడు రిహార్సల్‌లో పాడినదానికంటే టేకులో గట్టిగా పాడతాడు. అందుకు తగ్గ చోటు ముందే వదిలిపెట్టాలి.

హెడ్‌ఫోన్‌లో తన గొంతు తనకే ఆలస్యంగా వినిపించి గాయకుడు తడబడటం ఇంకో తలనొప్పి. కంప్యూటర్ శబ్దాన్ని లోపలికి తీసుకుని, మళ్లీ బయటికి పంపడానికి పట్టే సమయమే ఆ ఆలస్యం. పది మిల్లీసెకన్లు దాటితే చాలామందికి తెలిసిపోతుంది. ఇంటర్‌ఫేస్ మీద డైరెక్ట్ మానిటర్ అనే మీట ఉంటుంది. అది నొక్కితే గొంతు కంప్యూటర్‌లోకి వెళ్లిరాకుండా నేరుగా చెవికి వస్తుంది. జీవితంలో ఎప్పుడూ హెడ్‌ఫోన్ పెట్టుకోని పెద్దాయనకు అసలు అది తగిలించకపోవడమే మేలు.

గుయ్‌మనే మోత

పాట అంతా అయ్యాక వింటే అడుగున ఒకటే 'గుయ్...' కరెంటు సెకనుకు యాభైసార్లు ఊగే ఊపు తీగల్లోకి దిగితే వచ్చే మోత అది. ల్యాప్‌టాప్ చార్జర్ పీకి చూడండి. మోత ఆగిపోతే మీ ఇంటి ఎర్తింగ్ సరిగ్గా లేకపోయి ఉండవచ్చు. మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్త్ పిన్ను విరగ్గొట్టే చిట్కా ఎవరైనా చెబితే వినొద్దు, ప్రాణాలకే ముప్పు. ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి, ఎర్త్ గుంటలో బొగ్గూ ఉప్పూ మళ్లీ వేయించి, ఎండాకాలం నీళ్లు పోస్తుండాలి. ఆలోపు రికార్డింగ్ నడిచినంతసేపూ ల్యాప్‌టాప్‌ను బ్యాటరీ మీదే ఉంచితే సరి. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ కూడా మోత తెస్తుంది. కొనేటప్పుడే ప్యూర్ సైన్ వేవ్ అని అడిగి తీసుకోవాలి.

▌బాక్స్: ఎంతవుతుంది?

ల్యాప్‌టాప్ ఇంట్లో ఉందనుకుంటే రెండు మైకుల ఇంటర్‌ఫేస్, ఒక మంచి డైనమిక్ మైకు, చెవిని పూర్తిగా మూసే హెడ్‌ఫోన్, స్టాండు, తీగ కలిపి ఇంచుమించు పాతిక, ముప్ఫై వేలు. ఆడాసిటీ ఉచితం. రీపర్ అరవై రోజులు ఊరికే వాడి చూసుకోవచ్చు. నచ్చితే వ్యక్తిగత వాడకానికి లైసెన్సు 60 డాలర్లు. పరుపులు ఇంట్లోవే. స్పీకర్లు మొదటే కొనక్కర్లేదు; గది సరిగ్గా లేకుండా స్పీకర్లు కొన్నా నిజం చెప్పవు.

తాళం మనిషిది, గడియారానిది కాదు

సాఫ్ట్‌వేర్‌లో 'టిక్కు టిక్కు'మంటూ తాళం చూపే క్లిక్కు ఉంటుంది. సినిమా పాటకు అది అవసరమే. వీరగాథకూ బుర్రకథకూ కోలాటానికీ అది ఉరితాడు. వీరగాథలో రాయబారం నడక వేరు, పోరు నడక వేరు. కథ వేడెక్కేకొద్దీ పంబ అనే డోలు వేగం దానంతటదే పెరుగుతుంది. ఆ పెరుగుదలే కథ. దాన్ని క్లిక్కుకు కట్టేస్తే మిగిలేది మాటలే.

గొంతు సవరించే సాఫ్ట్‌వేర్ దీనికి తోడు. 1997లో ఆటోట్యూన్ వచ్చినప్పటి నుంచి ప్రతి స్వరాన్నీ పియానో మెట్ల మీదకు లాగి పెట్టడం అలవాటైపోయింది. పల్లె గాయకుడు స్వరానికీ స్వరానికీ మధ్య జారే జారుడులోనే ఏడుపూ ఉంది, రోషమూ ఉంది. దాన్ని సరిచేయడమంటే చెరిపేయడమే. కుర్రాళ్లను నేను చేతులు జోడించి అడిగేది ఇదొక్కటే: పెద్దవాళ్ల గొంతు మీద ఆ మీట నొక్కకండి.

రెండు మైకుల సంగతి ఇక్కడే. వీరవిద్యావంతుణ్ని ఒక గదిలో, పంబ వాయించేవాళ్లను ఇంకో గదిలో కూర్చోబెట్టి విడివిడిగా రికార్డు చేస్తే శబ్దం శుభ్రంగా వస్తుంది, పాట చచ్చిపోతుంది. కళ్లలో కళ్లు పెట్టి చూసుకుంటేనే వాళ్లకు ఎత్తుగడ అందుతుంది. అందర్నీ ఒకే గదిలో కూర్చోబెట్టండి. గాయకుడి దగ్గర ఒక మైకు, పంబకూ శ్రుతినిచ్చే తిత్తికీ నాలుగడుగుల దూరంలో ఇంకోటి. పంబ మోత గాయకుడి మైకులోకి కొంత వస్తుంది. రానివ్వండి. బుర్రకథకైతే కథకుడికి ఒకటి, ఇద్దరు వంతలకూ గుమ్మెటలకూ కలిపి ఒకటి. వంత పాడుతూ మైకు దగ్గరికి ఒరిగే అలవాటు ఉంటే ముందే చెప్పి కూర్చోబెట్టాలి.

బతుకుదెరువు, బాధ్యత

ఈ గదులు కేవలం పాత పాటల కోసమే బతకలేవు. కొత్త క్రైస్తవ గీతాలు, శివరాత్రి కోటప్పకొండ ప్రభల పాటలు, పెళ్లి పాటలు, ఎన్నికలొస్తే అభ్యర్థుల పాటలు... పొయ్యి వెలిగించేవి ఇవి. ఇంతకుముందు గుంటూరుకో విజయవాడకో పోయే ఆ డబ్బు ఊళ్లోనే తిరుగుతుంది. రోజంతా షాపులో పనిచేసి రాత్రి మిక్సింగ్ చేసుకునే కుర్రాడికి అది చిన్న ఆసరా కాదు. కోరస్ పాడటానికి ఆడపిల్ల గుంటూరు బస్సెక్కాల్సిన పని లేకుండా, అమ్మతోనో అత్తతోనో కలిసి పక్కవీధికి నడిచి వెళ్లి పాడి రాగలగడం ఇంకో పెద్ద మార్పు.

అయితే ప్రతి గదీ ఏడాదికి ఒక్క ముసలి గొంతునైనా ఉచితంగా రికార్డు చేసి దాచాలి. దాచడమంటే వాట్సాప్‌లో పంపుకోవడం కాదు. అక్కడ శబ్దం నలిగిపోతుంది. వేవ్ ఫైల్‌గానే ఉంచాలి. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ చొప్పున ఒక్క మైకుకు నిమిషానికి తొమ్మిది ఎంబీ కూడా పట్టదు. పది గంటల కథ రెండు మైకులకు కలిపి పదకొండు జీబీ లోపే సరిపోతుంది. మూడు కాపీలు తీసి, రెండు వేరువేరు డిస్కుల్లో, ఒకటి ఇంకో ఊళ్లో ఉంచాలి. రికార్డింగ్ మొదట్లో గాయకుడి చేతే పేరు, ఊరు, గురువు పేరు, తేదీ చెప్పించాలి. ముప్ఫై ఏళ్ల తర్వాత వినేవాడికి ఆ నాలుగు ముక్కలే ఆధారం.

▌బాక్స్: పాట ఎవరిది?

రికార్డు చేసినంత మాత్రాన పాట మీదైపోదు. మన కాపీరైటు చట్టంలో పాడినవాడికి విడిగా 50 ఏళ్ల ప్రదర్శన హక్కు ఉంది. సౌండ్ రికార్డింగుకు 60 ఏళ్లు. 2012 సవరణతో రాసినవాళ్లకూ బాణీ కట్టినవాళ్లకూ రాయల్టీ హక్కు గట్టిపడింది. జానపదం అందరిదే అయినా, దాన్ని నోటితో కాపాడి ఇచ్చిన మనిషి ఒకరుంటారు. 2021లో 'లవ్ స్టోరీ' సినిమాలో 'సారంగదరియా' వచ్చినప్పుడు ఈ విషయమే పెద్ద చర్చ అయింది.

కాబట్టి ఫైలు యూట్యూబులో పెట్టే ముందు గాయకుడితో తెలుగులో ఒక్క పేజీ కాగితం రాసుకోండి. ఎక్కడ పెడతారు, డబ్బొస్తే ఎంత వాటా, వద్దంటే తీసేస్తారా లేదా అన్నవి అందులో ఉండాలి. చదువు రాని పెద్దాయనైతే మనవడి చేత పైకి చదివించి, ఆ చదవడాన్ని కూడా రికార్డు చేయండి. పంబ వాయించినవాళ్ల పేర్లు మరిచిపోవద్దు. వీరవిద్యావంతులను ఇళ్లు తిరిగి వెతికే కంటే, కార్తీక అమావాస్య అయిదు రోజుల్లో కారంపూడి వెళ్లి కలవడం తేలిక. ఆ రోజుల్లో వాళ్లకు కొలువు ఉంటుంది, తీరిక ఉండదు. అక్కడ మాట తీసుకుని, తిరునాళ్ల అయ్యాక గొంతు తేరుకోవడానికి ఒక వారం గడువిచ్చి, రానుపోను చార్జీలూ కూలీ నష్టమూ ముందే చేతిలో పెట్టి పిలవాలి.